జీవం ఒక్కసారే పుట్టిందా? లూకా, ఉమ్మడి పూర్వజీవి, తొలి రసాయనం

సందేహజీవి

భూమ్మీది జీవులన్నిటికీ ఒకే ఉమ్మడి పూర్వజీవి (దాన్నే లూకా అంటారు) అని పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో చెప్పేసి ముందుకెళ్లిపోతాయి. నా అభ్యంతరాలు మూడు.

జన్యు సంకేతం (ప్రోటీన్ల ఇటుకలైన అమైనో ఆమ్లాల్లో ఏది ఏ మూడు జన్యు అక్షరాలకో చెప్పే పట్టిక) అన్నిట్లో ఒకటే కాబట్టి పూర్వజీవి ఒకటే అంటారు. రసాయనపరంగా ఆ సంకేతం తప్ప ఇంకోటి కుదరదేమో? అలాగైతే వేరువేరుగా పుట్టిన జీవాలు కూడా చివరికి అక్కడికే చేరేవి. రెండు, ఒకే పని చేసే ప్రోటీన్లు ఒకేలా ఉండటంలో వింతేముంది? మూడు, వాయువుల్లో నిప్పురవ్వలు వేసి అమైనో ఆమ్లాలు పుట్టించిన మిల్లర్ ప్రయోగంలో వాడిన వాయువులు ఆనాటి వాతావరణంలో అంతగా లేవని ఇప్పుడు అంటున్నారు. అది పోతే జీవం పుట్టుక గురించి చేతిలో మిగిలేదేమిటి?

మతం గొడవ వద్దు. ఆధారాలు మాత్రమే చెప్పండి.

జన్యురేఖ

మీ మూడో ప్రశ్నను ముందు పక్కకు తీద్దాం. జీవం ఎలా పుట్టిందన్నది ఇంకా తేలని రసాయన సమస్య. ఇప్పుడున్న జీవులన్నీ ఒకే వంశమా అన్నది వేరే ప్రశ్న, అది దాదాపు తేలిపోయింది. మిల్లర్ ప్రయోగాన్ని పూర్తిగా కొట్టేసినా దీనికి నష్టమేమీ లేదు.

ఇక సంకేతం సంగతి. అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చే ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ అణువు ఇంగ్లిష్ ఎల్ అక్షరంలా వంగి ఉంటుంది. ఒక కొసన మూడక్షరాల ప్రతిసంకేతం, రెండో కొసన అమైనో ఆమ్లం. మధ్య దూరం సుమారు 7 నానోమీటర్లు. అంటే ఏ సంకేతానికి ఏ ఆమ్లం అన్నది ఆ రెండూ ఒకదాన్నొకటి తాకి తేల్చుకునేది కాదు. సింథటేజ్ ఎంజైములు రెండు కొసలనూ జత చేస్తాయి. ఎంజైమో ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏనో మారితే సంకేతం అర్థమే మారిపోతుంది.

ఇది ఊహ కాదు, ప్రకృతిలో జరిగింది. యూజీఏ అనే మూడక్షరాలు మామూలుగా 'ఆపు' గుర్తు. మన మైటోకాండ్రియాలో, మైకోప్లాస్మా బాక్టీరియాలో అది ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం. సీయూజీ అందరికీ ల్యూసిన్, కాండిడా ఆల్బికన్స్ అనే శిలీంధ్రంలో ప్రధానంగా సెరీన్. ప్రయోగశాలలోనూ చేశారు. 2019లో కేంబ్రిడ్జ్ బృందం ఈ.కోలై జన్యురాశిని మొత్తం కొత్తగా సంశ్లేషించి, 18,214 చోట్ల సంకేతాలు మార్చి, 64కి బదులు 61 సంకేతాలతో నడిపింది. బాక్టీరియా కాస్త నెమ్మదిగా పెరిగింది గానీ బతికింది.

కాబట్టి వేరే సంకేతం సాధ్యమే. సాధ్యమై ఉండి కూడా జీవులన్నీ ఒకే పట్టికనో, దాన్ని అక్కడక్కడా సవరించిన రూపాన్నో వాడుతున్నాయి. ఆ సవరణలు కూడా వంశవృక్షంలో కొమ్మల చివర్లలోనే కనిపిస్తాయి.

నాళిక

ఒక్క మాట కలుపుతాను. సంకేతం పూర్తిగా యాదృచ్ఛికం అనడం కూడా అతి. ఒక అక్షరం తప్పు పడినా దాదాపు అదే గుణమున్న అమైనో ఆమ్లం వచ్చేలా పట్టిక అమరి ఉంది. అర్జినీన్‌ను పట్టుకునే ఆర్‌ఎన్‌ఏ ముక్కల్లో అర్జినీన్ సంకేతాలు మామూలుకన్నా ఎక్కువగా కనిపిస్తాయన్న వాదనా ఉంది. కొన్ని జతలకు రసాయన మూలం ఉండొచ్చు. 64 గదులూ రసాయనమే నింపిందనడానికి మాత్రం ఆధారం లేదు.

సందేహజీవి

సంకేతం వరకు సరే. రెండో దాని సంగతి? హీమోగ్లోబిన్ పని ఆక్సిజన్ మోయడం. ఎవరిలోనైనా అది అలాగే ఉండాలిగా?

జన్యురేఖ

ఉండక్కర్లేదు. ఆక్సిజన్ మోయడానికి ఆక్టోపస్ రాగి ఉన్న హీమోసయనిన్ వాడుతుంది, కొన్ని సముద్రపు పురుగులు హీమ్ (హీమోగ్లోబిన్‌లో ఇనుమును పట్టి ఉంచే వలయపు అణువు) లేని ఇనుముతో హీమెరిత్రిన్ వాడతాయి. పని ఒకటే, నిర్మాణాలు మూడు.

ఇంకా సూటి ఉదాహరణ సైటోక్రోమ్ సీ, కణం శ్వాసక్రియలో వాడే ప్రోటీన్. మనిషిలో 104 అమైనో ఆమ్లాల గొలుసు. చింపాంజీకి, మనకు తేడా సున్నా. రీసస్ కోతితో 1, గుర్రంతో 12, ఈస్ట్‌తో నలభైకి పైనే. ఈస్ట్‌లో దాని సొంత సైటోక్రోమ్ సీ తీసేసి క్షీరదాలది పెట్టినా పని నడుస్తుంది. అంటే పని చేయడానికి అదే వరుస ఉండి తీరాలన్న నిబంధన లేదు. నిబంధన లేని స్థానాల్లో కూడా దగ్గరి బంధువుల్లో అక్షరాలు కలుస్తున్నాయంటే, పని కోసం కాక వారసత్వంగా వచ్చాయనే అర్థం.

వరుసలెక్క

దీన్ని ఎవరైనా కంప్యూటర్ మీద గంటలో చేసి చూడొచ్చు. పద్ధతి చెబుతాను, తప్పులు దొర్లే చోట్లు కూడా.

యూనీప్రోట్ ప్రోటీన్ వరుసల ఉచిత నిధి. అందులో మనిషి సైటోక్రోమ్ సీ నంబరు పీ99999, చింపాంజీ పీ99998, గుర్రం పీ00004, చుంచెలుక పీ62897, ఈస్ట్ పీ00044. ఫాస్టా (వరుసలను అక్షరాలుగా ఉంచే ఫైలు) రూపంలో దించుకోండి. నిధిలో మొదటి మెథియోనిన్‌తో కలిపి 105 కనిపిస్తుంది, పరిణత ప్రోటీన్‌లో అది తెగిపోతుంది. పాత పట్టికలతో పోల్చేటప్పుడు స్థానాల అంకెలు ఒకటి పక్కకు జరిగేది ఇందుకే.

తరువాత మాఫ్ట్ అనే ప్రోగ్రాంతో వరుసలను ఒకదానికింద ఒకటి పేర్చాలి. ఇరవై ముప్ఫై చిన్న వరుసలకు అందులోని అత్యంత ఖచ్చితమైన పద్ధతే వాడండి, కాలం పెద్దగా పట్టదు. పేర్చాక కంటితో చూడాల్సిందే. హీమ్‌ను పట్టుకునే చోట సిస్టీన్, ఏవైనా రెండు, మళ్లీ సిస్టీన్, ఆపై హిస్టిడిన్ వస్తాయి. ఈ గుర్తు అన్ని వరుసల్లో ఒకే నిలువు గీతలో లేకపోతే పేర్పు చెడినట్టే. అక్కడే ఆగి సరిచేసుకోవాలి, చెట్టు గీయడానికి వెళ్లకూడదు.

చెట్టుకు, అంటే వంశవృక్షానికి, ఐక్యూ-ట్రీ ప్రోగ్రాం. ప్రతిక్షేపణ నమూనాను (అక్షరాలు ఒకదానికొకటి మారే తీరు లెక్కను) దాన్నే ఎంచుకోనివ్వండి, వేగవంతమైన బూట్‌స్ట్రాప్ (స్థానాలను మళ్లీ మళ్లీ ఏరి ఒక్కో కొమ్మ నూటికి ఎన్నిసార్లు వస్తుందో చూసే పరీక్ష) 1000 సార్లు. ఇక్కడ చాలామంది పొరబడతారు. పాత బూట్‌స్ట్రాప్‌లో 70 వస్తే బాగుందనుకునేవాళ్లు. వేగవంతమైన పద్ధతిలో 95 దాటితేనే కొమ్మను నమ్మాలి.

అసలు ఉచ్చు ఇంకోటి. చుంచెలుకకు వృషణాల్లో మాత్రమే పనిచేసే మరో సైటోక్రోమ్ సీ ఉంది. ఈస్ట్‌కూ రెండు నకళ్లున్నాయి. ఒక జీవి నుంచి ఒక నకలు, ఇంకో జీవి నుంచి రెండో నకలు తీసుకున్నారనుకోండి. మీ చెట్టు జాతులు విడిపోయిన క్రమాన్ని కాదు, జన్యువు రెట్టింపైన క్రమాన్ని చూపిస్తుంది. "జన్యువులు చెప్పే చెట్లు ఒకదానితో ఒకటి కలవవు" అని వాదించేవారి ఉదాహరణల్లో కొన్ని ఈ కలగాపులగమే.

ఇంకొక హద్దు. 104 స్థానాల్లో సమాచారం తక్కువ. మనిషికి, చింపాంజీకి తేడాయే లేనప్పుడు ఈ ప్రోటీన్ మనిషి, చింపాంజీ, గొరిల్లాల క్రమాన్ని తేల్చలేదు. దానికి జన్యురాశి మొత్తం కావాలి. సైటోక్రోమ్ సీ జీవులన్నిట్లో ఉండదు కూడా. మొత్తం జీవవృక్షానికైతే రైబోజోమ్ (కణంలో ప్రోటీన్లు కట్టే యంత్రం) ప్రోటీన్లు, దానిలోని 16ఎస్ ఆర్‌ఎన్‌ఏ వాడాలి. ఈ.కోలైలో దాని పొడవు 1,542 అక్షరాలు. కార్ల్ వూస్, జార్జ్ ఫాక్స్ 1977లో ఆర్కియాను (బాక్టీరియాలా కనిపించే మరో సూక్ష్మజీవుల వర్గాన్ని) బాక్టీరియా నుంచి వేరుచేసింది దీనితోనే. అప్పటికి పూర్తి వరుస చదివే పద్ధతి అందుబాటులో లేదు, ఆర్‌ఎన్‌ఏను ఎంజైముతో ముక్కలు చేసి ఆ ముక్కల జాబితాలను పోల్చారు.

కొమ్మలెక్క

"ఏదో ఒక చెట్టు ఎలాగూ వస్తుంది" అని అనిపించవచ్చు. వస్తుంది, నిజమే. ఒకే చెట్టు మళ్లీ మళ్లీ రావడమే విశేషం. 10 జాతులకు వేరు గుర్తించని చెట్లు 20,27,025 రకాలు. 20 జాతులకు ఆ సంఖ్య 2 పక్కన 20 సున్నాలు దాటుతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు జన్యువులు ఇన్ని వీలుల్లోంచి దాదాపు ఒకే చెట్టును ఇవ్వడం కాకతాళీయంగా జరగదు.

2010లో డగ్లస్ థియోబాల్డ్ దీన్ని గణాంక పరీక్షగా మార్చారు. మూడు మహావర్గాల (బాక్టీరియా, ఆర్కియా, కేంద్రకమున్న కణాల జీవులు) నుంచి 12 జాతులు, అన్నిట్లో ఉన్న 23 ప్రోటీన్లు. ఒకే పూర్వజీవి, వేరువేరు పూర్వజీవులు అనే నమూనాలను పక్కపక్కన పెట్టి ఏది దత్తాంశాన్ని బాగా వివరిస్తుందో లెక్కకట్టారు. ఒకే పూర్వజీవి నమూనా కనీసం 10 ఘాతం 2,860 రెట్లు మెరుగని తేలింది.

సందేహజీవి

ఆ లెక్కను విమర్శించినవాళ్లున్నారుగా?

కొమ్మలెక్క

ఉన్నారు, వాళ్ల విమర్శలో బలం ఉంది. యూజీన్ కూనిన్, యూరీ వోల్ఫ్ చెప్పింది ఇదీ: పోలిక బాగా ఉన్న వరుసలను ముందే ఏరి, పేర్చి ఇస్తే, ఆ పోలిక ఎక్కడి నుంచి వచ్చినా పరీక్ష 'ఒకే మూలం' అనే చెబుతుంది. అంటే ఆ పరీక్ష పోలికను కొలుస్తోంది, పోలికకు కారణాన్ని కాదు. యోనెజావా, హసెగావా కూడా ఇలాంటి అభ్యంతరమే చెప్పారు. అందుకే ఆ పెద్ద అంకెను వాదనలో జెండాలా ఎగరేయడం నాకు నచ్చదు. విమర్శకులు ఉమ్మడి పూర్వజీవిని కాదనలేదన్నది మాత్రం గుర్తుంచుకోండి. వాళ్ల అభ్యంతరం ఆ రుజువు పద్ధతి మీదే.

నన్నడిగితే పనికొచ్చే పోలికలకన్నా పనికిరాని పోలికలే గట్టి సాక్ష్యం. విటమిన్ సీ తయారీలో చివరి ఎంజైముది గ్యులో జన్యువు. ఎలుకలో దానికి 12 ఎక్సాన్లు (ప్రోటీన్ సమాచారమున్న ముక్కలు). మనిషిలో వాటిలో 7 లేవు, మిగిలింది శిథిలం. కోతులు, వానరాలన్నిట్లోనూ ఆ జన్యువు చచ్చిపడి ఉంది. గినీ పిగ్‌లోనూ చచ్చింది, కానీ వేరే చోట్ల తెగింది. 'పని లేకపోతే ఎక్కడైనా ఇలాగే తెగుతుంది' అనేది నిజమైతే గినీ పిగ్‌లోనూ అవే ముక్కలు పోవాలి.

మానవ జన్యురాశిలో సుమారు 8 శాతం పాత రెట్రోవైరస్‌ల అవశేషాలు. వైరస్ చొరబడే చోటు 300 కోట్ల అక్షరాల్లో దాదాపు ఎక్కడైనా కావచ్చు. అయినా వాటిలో చాలా భాగం చింపాంజీలో అదే స్థానంలో ఉన్నాయి. రెండో క్రోమోజోమ్ సంగతి సరేసరి. చింపాంజీ, గొరిల్లా లాంటి పెద్ద వానరాల్లో విడిగా ఉన్న రెండు క్రోమోజోములు మనలో అతుక్కున్నాయి, అందుకే వాటికి 24 జతలు, మనకు 23. అతుకు పడిన చోట క్రోమోజోమ్ కొసల్లో ఉండాల్సిన టీటీఏజీజీజీ వరుసలు ఎదురెదురుగా ఉన్నాయి, పనిచేయని రెండో సెంట్రోమియర్ (క్రోమోజోమ్ నడుము) ఆనవాలూ ఉంది.

నాళిక

ఇక మూడో అభ్యంతరం, మిల్లర్. ముందు ఆ పరికరం ఏమిటో చూద్దాం.

కింద 500 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో నీళ్లు మరుగుతాయి. పైన 5 లీటర్ల ఫ్లాస్కులో టంగ్‌స్టన్ ఎలక్ట్రోడ్ల మధ్య నిప్పురవ్వలు. మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్ 2:2:1 నిష్పత్తిలో. ఆవిరి పైకి వెళ్లి, చల్లారి, మళ్లీ కిందికి వస్తుంది. ఒక వారం. 1953లో ప్రచురించినప్పుడు కాగితపు క్రొమటోగ్రఫీతో గ్లైసిన్, రెండు రకాల అలనిన్ ఖాయంగా గుర్తించారు. ఇదే తీరు ప్రయోగం ఎవరైనా మొదలుపెడితే అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు గాలిని పూర్తిగా లాగేయడం. మీథేన్, హైడ్రోజన్ మిశ్రమంలో ఆక్సిజన్ మిగిలి ఉండగా రవ్వ వేస్తే పేలుతుంది. అనుభవం లేకుండా, సరైన ప్రయోగశాల లేకుండా ముట్టుకోకూడని పని.

అమైనో ఆమ్లాలు నేరుగా పుట్టవు. రవ్వల వల్ల ముందు హైడ్రోజన్ సయనైడ్, ఆల్డిహైడ్లు వస్తాయి. అవి నీటిలో అమ్మోనియాతో స్ట్రెకర్ చర్య ద్వారా కలిసి, తరువాత జలవిశ్లేషణతో ఆమ్లాలవుతాయి. 2008లో మిల్లర్ దాచి ఉంచిన పాత సీసాలను ఆధునిక పరికరాలతో పరీక్షిస్తే, అగ్నిపర్వతపు ఆవిరిని అనుకరించిన ప్రయోగంలో 22 అమైనో ఆమ్లాలు తేలాయి.

వాతావరణం గురించి మీ మాట సబబే. కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్ ఎక్కువున్న గాలిలో దిగుబడి పడిపోతుంది. ఎందుకన్నది కూడా తెలిసింది: నైట్రైట్లు పుట్టి అమైనో ఆమ్లాలను నాశనం చేస్తాయి, నీరు ఆమ్లగుణానికి తిరుగుతుంది. 2008లోనే ఇంకో పనిలో కార్బొనేట్‌తో పీహెచ్ నిలబెట్టి, ఆక్సీకరణను అడ్డుకునే పదార్థం కలిపితే తటస్థ వాయువుల్లోనూ దిగుబడి బాగా పెరిగింది. తొలి సముద్రంలో కరిగిన ఫెర్రస్ ఇనుము సరిగ్గా ఈ అడ్డుకునే పని చేయగలదు. 2021లో మరో సంగతి బయటపడింది. గాజు బదులు టెఫ్లాన్ పాత్రలో చేస్తే సమ్మేళనాలు బాగా తగ్గాయి. క్షార నీటిలో గాజు కొద్దికొద్దిగా కరిగి, దాని సిలికా ఉపరితలం కూడా చర్యలో పాలుపంచుకుంటుంది. తొలి భూమ్మీద సిలికా రాయికి కొదవ లేదు కదా.

భూమ్మీద తయారవకపోయినా పైనుంచి వచ్చే దారి ఉంది. 1969 సెప్టెంబరు 28న ఆస్ట్రేలియాలో పడిన మర్చిసన్ ఉల్కలో డెబ్బైకి పైగా అమైనో ఆమ్లాలున్నాయి. 2023లో ఓసిరిస్-రెక్స్ వ్యోమనౌక బెన్ను గ్రహశకలం నుంచి 121.6 గ్రాములు తెచ్చింది. అందులో జీవులు వాడే 20 అమైనో ఆమ్లాల్లో 14, ఐదు న్యూక్లియోబేసులూ (డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏల అక్షరాలు) దొరికాయని 2025లో ప్రకటించారు. ఇటుకలు దొరకడం కష్టం కాదు. కష్టమంతా గోడ దగ్గర.

సందేహజీవి

గోడ దగ్గర కష్టమేమిటో అదీ చెప్పండి.

నాళిక

ఆర్‌ఎన్‌ఏ తీసుకుందాం. దానికి రైబోజ్ చక్కెర కావాలి. 1861లో బుట్లెరోవ్ కనిపెట్టిన ఫార్మోస్ చర్యలో ఫార్మాల్డిహైడ్, కాల్షియం హైడ్రాక్సైడ్ కలిపితే చక్కెరలు వస్తాయి. అయితే పదుల రకాలు ఒకేసారి వస్తాయి, రైబోజ్ 1 శాతం కూడా ఉండదు. ఆపకపోతే ద్రావణం పసుపై, గోధుమ రంగై, చివరకు తారులా మారుతుంది. బోరేట్ ఖనిజాలు రైబోజ్‌ను పట్టుకుని కొంత కాపాడతాయని 2004లో చూపించారు. కాపాడకపోతే 100 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7లో రైబోజ్ అర్ధాయువు 73 నిమిషాలు. ఆర్‌ఎన్‌ఏ బేసుల్లో ఒకటైన సైటోసిన్‌ది 19 రోజులు.

చక్కెర, బేసు విడిగా తయారైనా వాటిని జోడించడం మరో గోడ. పిరిమిడిన్ బేసులు (సైటోసిన్, యురాసిల్) రైబోజ్‌తో నేరుగా కలవవు. ఈ చిక్కును 2009లో రసాయనవేత్త సదర్లాండ్ బృందం పక్కదారిలో దాటింది. సయనమైడ్, గ్లైకోలాల్డిహైడ్ కలిపి ముందు 2-అమైనోఆక్సజోల్ చేశారు. ఫాస్ఫేట్‌ను ఆఖర్న కాక మొదటి నుంచే ఉంచారు, అది పీహెచ్‌ను నిలబెట్టి ఈ చర్యను నడిపింది. ఆపై గ్లిసరాల్డిహైడ్, ఆపై సయనోఅసిటిలీన్. చివర్న అతినీలలోహిత కాంతి పెడితే అనవసర ఉపఉత్పత్తులు విరిగి, సైటిడీన్, యూరిడీన్ న్యూక్లియోటైడ్లు (ఆర్‌ఎన్‌ఏ గొలుసులోని కడియాలు) మిగిలాయి. బేసునూ చక్కెరనూ విడివిడిగా చేసి అతికించే మెట్టే లేదు.

లోపమేమిటంటే వరుసక్రమం. ఏది ఎప్పుడు చేరాలో నిర్ణయించింది రసాయనవేత్త చెయ్యి. అన్నీ ఒకేసారి పోస్తే మళ్లీ తారే. ప్రకృతిలో ఆ క్రమాన్ని వేరువేరు వాగులు ఒక మడుగులో కలవడం ఇవ్వగలదని వాళ్ల జవాబు. సాధ్యమే, రుజువు కాలేదు.

లోతునీరు

మడుగుల కథలో ఎప్పుడూ ఒకటి దాటేస్తారు: శక్తి. నేటి కణాలేవీ అతినీలలోహిత కాంతితో బతకవు. దాదాపు అన్ని కణాలూ పొరకు ఇరుపక్కలా ప్రోటాన్ల తేడాతో ఏటీపీ (కణం శక్తిని ఖర్చుపెట్టే అణువు) చేసుకుంటాయి. ఆ తేడా సహజంగా దొరికే చోటు క్షార సముద్రగర్భ ఊటలు. 2000 డిసెంబరులో అట్లాంటిక్‌లో కనుగొన్న లాస్ట్ సిటీ చూడండి. నీరు 40 నుంచి 90 డిగ్రీలు, పీహెచ్ 9 నుంచి 11, 60 మీటర్ల ఎత్తు దాకా కార్బొనేట్ చిమ్నీలు. ఆలివిన్ రాయి నీటితో చర్య జరిపి హైడ్రోజన్ ఇస్తుంది. తొలి సముద్రంలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, కాబట్టి నీరు కాస్త ఆమ్లగుణం. ఊట నీటికి, సముద్రానికి మధ్యలో సూక్ష్మరంధ్రాల గోడ, ఇరుపక్కలా ప్రోటాన్ల తేడా. 350 డిగ్రీలు దాటే నల్లపొగ ఊటలతో దీన్ని కలపకండి, వాటి వేడికి ఏ జీవాణువూ నిలవదు.

2020లో రెండు ఫలితాలు వచ్చాయి. గ్రెయిగైట్, మాగ్నటైట్, అవరూయిట్ ఖనిజాల సమక్షంలో హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, నీరు 100 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచితే ఫార్మేట్, అసిటేట్, పైరువేట్ వచ్చాయి. ఎంజైములేమీ లేవు. ఇంకో బృందం ఇనుము, నికెల్ సల్ఫైడ్ అవక్షేపానికి ఇరువైపులా పీహెచ్ తేడా పెట్టి ఫార్మేట్ రాబట్టింది, తేడా తీసేస్తే చర్య ఆగింది. నేటి మీథేన్ ఆర్కియా వాడే అసిటైల్ కో-ఏ మార్గానికి (కార్బన్ డయాక్సైడ్ నుంచి కర్బన అణువులు కట్టే దారికి) ఇది తొలి మెట్టులాంటిదే.

నాళిక

అసిటేట్ దాకా ఒప్పుకుంటాను. అక్కడి నుంచి ఆర్‌ఎన్‌ఏ దాకా మీకు మెట్లు లేవు. ప్రోటీన్‌ను కట్టే పెప్టైడ్ బంధం, ఆర్‌ఎన్‌ఏను కట్టే ఫాస్ఫోడైఎస్టర్ బంధం రెండూ నీరు బయటకు పోతేనే ఏర్పడతాయి. సముద్రపు అడుగున నీరు ఎటు పోతుంది? మడుగులో ఎండబెడితే పోతుంది. లాక్టిక్ ఆమ్లం, గ్లైసిన్ కలిపి 85 డిగ్రీల దగ్గర ఎండబెట్టి, తడిపి, మళ్లీ ఎండబెడితే ముందు ఎస్టర్ బంధాలు ఏర్పడి, చక్రం తిరిగేకొద్దీ అవి పెప్టైడ్ బంధాలుగా మారతాయి. గ్లైసిన్‌ను ఒంటరిగా ఎండబెడితే ఆ వేడిలో ఇంత తేలిగ్గా కాదు.

లోతునీరు

ఎండబెట్టడంలోనూ చిక్కులున్నాయి. ఉప్పు స్ఫటికాలు కట్టి అణువులను విడదీస్తాయి, అతినీలలోహితం కట్టినదాన్నే మళ్లీ విరగ్గొడుతుంది. రంధ్రాల్లో ఒక పక్క వేడి, ఒక పక్క చల్లదనం ఉంటే అణువులు చల్లని వైపు పేరుకుంటాయి, పలచదనం సమస్యకు అది ఒక జవాబు. పొడవైన ఆర్‌ఎన్‌ఏ నా పక్షాన ఇంకా రాలేదు, నిజమే. మీ పక్షాన జీవక్రియ రాలేదు.

పొరకణం

మీ ఇద్దరి మధ్యలో మూడో సమస్య నలిగిపోతోంది: పొర. తొలి పొరలు కొవ్వు ఆమ్లాలవై ఉండొచ్చు. డెకనోయిక్ ఆమ్లం లాంటివి పీహెచ్ తమ పీకేఏ (ఆమ్లం సగం అయాన్లుగా మారే పీహెచ్) దగ్గర ఉంటే చాలు, వాటంతటవే బుడగలు కడతాయి. పీహెచ్ ఎక్కువైతే సబ్బులా చిన్న ముద్దలు, తక్కువైతే నూనె బొట్లు. గాఢత కూడా పదుల మిల్లీమోలార్ కావాలి.

అసలు తగాదా మెగ్నీషియంతో. ఎంజైమ్ లేకుండా ఆర్‌ఎన్‌ఏ నకలు కావాలంటే 50 మిల్లీమోలార్ వరకు మెగ్నీషియం కావాలి. కొవ్వు ఆమ్లాల పొర కొన్ని మిల్లీమోలార్‌కే గడ్డకట్టి పడిపోతుంది. 2013లో అడమాల, షోస్టక్ సిట్రేట్ కలిపి దీన్ని దాటారు. సిట్రేట్ మెగ్నీషియంను పట్టుకుని పొరను కాపాడింది, నకలు చర్యను ఆపలేదు. అంత సిట్రేట్ తొలి భూమ్మీద ఎక్కడిదన్నది వెంటనే వచ్చే ప్రశ్న.

నకలు తప్పులకూ ఒక హద్దుంది. 1971లో మాన్‌ఫ్రెడ్ ఐగెన్ చూపింది: అక్షరానికి తప్పు రేటు 1 శాతమైతే, సుమారు 100 అక్షరాలకు మించిన సమాచారం తరాల మీద నిలవదు. పొడవైన ఎంజైమ్ కావాలంటే ఖచ్చితమైన నకలు కావాలి, ఖచ్చితమైన నకలుకు పొడవైన ఎంజైమ్ కావాలి. దీనికితోడు పొట్టివాటికే గెలుపు. 1967లో స్పీగెల్‌మన్ క్యూ-బీటా వైరస్ ఆర్‌ఎన్‌ఏను పరీక్షనాళికలో 74 సార్లు మార్చి మార్చి పెంచితే 83 శాతం పొడవు పోయింది. వేగంగా నకలవడం తప్ప ఇంకేమీ అక్కర్లేనప్పుడు మిగతాదంతా బరువే. విడివిడి బుడగల్లో ఉంటే ఈ పరాన్నభుక్కులు తమ బుడగనే ముంచుకుంటాయి, పక్కవాళ్లు బతుకుతారు. పొర ముందే ఎందుకు కావాలో ఇది గట్టి కారణం.

సందేహజీవి

ఆర్‌ఎన్‌ఏ ముందు వచ్చిందనడానికి నేటి కణంలో సాక్ష్యం ఉందా, లేక రసాయనవేత్తల ఇష్టమా?

జన్యురేఖ

ఉంది. ప్రోటీన్లను తయారుచేసేది రైబోజోమ్. అందులో అమైనో ఆమ్లాలను జోడించే కేంద్రం చుట్టూ 2 నానోమీటర్ల లోపు ప్రోటీన్ దాదాపు లేదు, ఉన్నది ఆర్‌ఎన్‌ఏ. 2000లో నిర్మాణాలు బయటపడ్డాక ఇది కళ్లకు కట్టింది; 2009 నోబెల్ రామకృష్ణన్, స్టైట్జ్, యోనత్‌లకు వచ్చింది ఈ పనికే. అంతకుముందే థామస్ చెక్ 1982లో తనను తానే కత్తిరించుకునే ఆర్‌ఎన్‌ఏను చూపారు. ప్రయోగశాలలో పరిణామం చెందించిన రైబోజైములు (ఎంజైముల్లా పనిచేసే ఆర్‌ఎన్‌ఏలు) ఇప్పుడు 200 అక్షరాల ఆర్‌ఎన్‌ఏను కూడా నకలు తీస్తున్నాయి. తమ పూర్తి నిడివిని తామే, ఎవరి సాయమూ లేకుండా పదేపదే నకలు తీసుకోవడం మాత్రం ఇంకా చేతికి రాలేదు.

రాతిపొర

కాలం లెక్కలు ఎవరూ చెప్పలేదు. భూమి వయసు 454 కోట్ల ఏళ్లు. పశ్చిమ ఆస్ట్రేలియాలో జాక్ హిల్స్ జిర్కాన్లలో (గట్టి ఖనిజపు గింజల్లో) అతి పాతది 440 కోట్లది. అక్కడి పాత జిర్కాన్ల ఆక్సిజన్ ఐసోటోపులు అప్పటికే ద్రవరూపంలో నీరుందని సూచిస్తాయి. అక్కడికి దూరంగా పిల్బరాలో స్ట్రొమటోలైట్లు (సూక్ష్మజీవులు పొరలుగా కట్టిన రాళ్లు): డ్రెస్సర్‌లో 348 కోట్లు, స్ట్రెల్లీ పూల్‌లో 343 కోట్లు. వీటిని చాలామంది ఒప్పుకుంటారు. గ్రీన్‌లాండ్ ఇసువాలో 370 కోట్ల స్ట్రొమటోలైట్లంటూ 2016లో వచ్చినవాటిని 2018లో త్రిమితీయంగా కోసి చూస్తే రాయి నలిగి వచ్చిన ఆకారాలని వాదన వచ్చింది. 410 కోట్ల జిర్కాన్‌లో దొరికిన గ్రాఫైట్‌లో తేలిక కార్బన్ ఎక్కువ ఉంది. జీవం అలా చేస్తుంది, కొన్ని నిర్జీవ చర్యలూ చేస్తాయి. ఒక్క గింజతో తీర్పు చెప్పలేం.

సందేహజీవి

మరి లూకా 420 కోట్ల ఏళ్లదని 2024లో అన్నారు. రాతి సాక్ష్యం 348. డెబ్బై కోట్ల ఏళ్లు ఎక్కడి నుంచి తెచ్చారు?

వరుసలెక్క

లూకాకు ముందే రెట్టింపైన జన్యువుల నుంచి. అలాంటి జన్యువు రెండు నకళ్లూ లూకాలో ఉన్నాయి, రెండూ వారసులందరికీ అందాయి. చెట్టు గీస్తే ఒకే జాతుల చీలిక రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకే శిలాజం తేదీని రెండు చోట్లా బిగించవచ్చు, లూకా చీలికకూ రెండు అంచనాలు వస్తాయి. 1989లో జీవవృక్షానికి వేరు ఎక్కడో తేల్చిందీ ఈ కిటుకే. ఒక నకలు చెట్టుకు రెండో నకలు బయటి గుంపుగా (వేరు ఎటో చూపే పోలికగా) పనిచేసింది. వేరు బాక్టీరియాకు, ఆర్కియాకు మధ్య పడింది.

2024 అంచనా 409 నుంచి 433 కోట్ల మధ్య. జాగ్రత్త ఎక్కడంటే, శిలాజాలతో బిగించిన తేదీలు ఎక్కువగా ఇటీవలి కొమ్మల మీదే ఉన్నాయి. అంత లోతుకు వెళ్లేసరికి ఉత్పరివర్తన రేటు మీద మనం పెట్టుకున్న ఊహే ఎక్కువ బరువు మోస్తుంది. పై హద్దు చంద్రుడు ఏర్పడిన ఢీ నుంచి తీసుకున్నారు.

సందేహజీవి

అందులోనే లూకాకు 2,600 ప్రోటీన్లు అన్నారు. 2016లో 355 అన్నారు. ఏది నమ్మాలి?

జన్యురేఖ

రెండూ వేరువేరు ప్రశ్నలకు జవాబులు. 2016లో విలియం మార్టిన్ బృందం 61 లక్షల జన్యువులను కుటుంబాలుగా కట్టి, కఠినమైన వడపోత పెట్టింది: బాక్టీరియాలో రెండు, ఆర్కియాలో రెండు పెద్ద వర్గాల్లో ఉండాలి, చెట్టులో రెండు మహావర్గాలూ కలగలవకూడదు. అడ్డంగా బదిలీ అయిన జన్యువులు ఇక్కడ ఆగిపోతాయి, కానీ తరువాత ఎప్పుడో ఒక్కసారి బదిలీ అయిన నిజమైన లూకా జన్యువులూ పోతాయి. 2024 పద్ధతి బదిలీని, నష్టాన్ని సంభావ్యతగా లెక్కలోకి తీసుకుంది. అందుకే పెద్ద అంకె. 25 లక్షల అక్షరాలకు తగ్గని జన్యురాశి అంటే నేటి మామూలు బాక్టీరియా స్థాయి.

దీన్నిబట్టే తెలియాలి, లూకా మొదటి జీవి కాదు, దాని వెనక పెద్ద చరిత్ర ఉంది. అది ఒంటరి జీవి కూడా కాదు. వైరస్‌ల నుంచి కాపాడుకునే క్రిస్పర్ తరహా వ్యవస్థ ఉండి ఉండొచ్చని అదే అధ్యయనం అంటోంది. అంటే చుట్టూ వైరస్‌లు, ఇతర సూక్ష్మజీవులు ఉన్నాయన్నమాట. కాలం గడిచేకొద్దీ కొన్ని ఇంటిపేర్లు అంతరించి ఒకటే మిగిలినట్టు, మిగతా వంశాలు అంతరించాయి. కాబట్టి 'జీవం ఒక్కసారే పుట్టింది' అని ఎవరూ రుజువు చేయలేదు. 'ఇప్పుడు బతికున్నదంతా ఒకే వంశం' అన్నంతవరకే మన ఆధారాలు.

పొరకణం

ఒక విచిత్రం ఇక్కడ చెప్పాలి. బాక్టీరియా పొరలో గ్లిసరాల్-3-ఫాస్ఫేట్, ఎస్టర్ బంధాలు. ఆర్కియాలో దాని అద్దపు ప్రతిబింబం గ్లిసరాల్-1-ఫాస్ఫేట్, ఈథర్ బంధాలు. మరి లూకా పొర ఏది? దానికి పొరే లేదన్నవాళ్లున్నారు. 2018లో ఈ.కోలైలో ఆర్కియా కొవ్వులు 30 శాతం దాకా తయారుచేయించారు, మిశ్రమ పొరతో అది బతికింది. మిశ్రమం నిలవదన్న పాత వాదన దీంతో సన్నగిల్లింది.

లోతునీరు

రెండో జీవం ఇప్పటికీ ఎక్కడో దాగి ఉంటే? మన వెతుకులాటే దాన్ని చూడలేదేమో.

వరుసలెక్క

సూక్ష్మజీవులను లెక్కించే పీసీఆర్ (జన్యువును నకళ్లుగా పెంచే) పద్ధతి 16ఎస్ ఆర్‌ఎన్‌ఏ ప్రైమర్లతో (ఆ జన్యువుకు అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కలతో) నడుస్తుంది. అవి అతుక్కోని జీవి మన జాబితాలోకే రాదు. మొత్తం డీఎన్‌ఏను చదివే మెటాజీనోమిక్స్ కొంత నయం, అదీ డీఎన్‌ఏ ఉన్నవాటికే. కాబట్టి గుడ్డిచోటు ఉంది. ఇప్పటిదాకా వచ్చిన ప్రకటనలు మాత్రం నిలవలేదు. మోనో సరస్సు బాక్టీరియా ఫాస్ఫరస్ బదులు ఆర్సెనిక్ వాడుతోందని 2010లో వచ్చింది. 2012లో దాని డీఎన్‌ఏను శుభ్రంగా కడిగి చూస్తే ఆ అమరిక లేదు. 2025లో దాన్ని ప్రచురించిన పత్రికే ఆ పత్రాన్ని ఉపసంహరించింది. అది నిజమైనా అదీ మన వంశపు బాక్టీరియమే, రెండో పుట్టుక కాదు.

కొత్తగా ఇప్పుడు పుట్టకపోవడానికి డార్విన్ 1871లోనే హుకర్‌కు రాసిన ఉత్తరంలో కారణం ఇచ్చారు: అలాంటి పదార్థం తయారైతే ఉన్న జీవులు వెంటనే తినేస్తాయి. ఆక్సిజన్ కూడా ఇప్పుడు అడ్డమే.

సందేహజీవి

ఆఖరిది. మన కణం ఈ చెట్టులో మూడో కొమ్మేనా?

కొమ్మలెక్క

బాక్టీరియా, ఆర్కియా అనే రెండు కొమ్మల చెట్టే ఇప్పుడు బలంగా ఉంది. 2015లో ఆర్కిటిక్ దగ్గరి సముద్రగర్భ మట్టిలో లోకీ ఆర్కియా డీఎన్‌ఏ దొరికింది, అందులో యాక్టిన్ (కణానికి ఆకారమిచ్చే ప్రోటీన్) తరహా జన్యువులు, కేంద్రక కణాల లక్షణాలు చాలా ఉన్నాయి. కేంద్రక కణాలు ఆర్కియా లోపలి కొమ్మ. మైటోకాండ్రియా మాత్రం ఆల్ఫాప్రోటియోబాక్టీరియా అనే బాక్టీరియా వర్గం నుంచి వచ్చింది. 2020లో లోకీ ఆర్కియా గుంపులోంచి ఒకదాన్ని పెంచిన వివరాలు ప్రచురించారు. రెట్టింపు కావడానికి 14 నుంచి 25 రోజులు, అందుకే అది చేతికి రావడానికి పన్నెండేళ్లు పట్టింది.

ఇలాంటి లోతైన కొమ్మల దగ్గర పొడవు కొమ్మల ఆకర్షణ అనే చిక్కు తప్పదు. వేగంగా మారే వంశాలు బంధుత్వం లేకపోయినా చెట్టులో పక్కపక్కన పడతాయి. మైక్రోస్పోరిడియా అనే పరాన్నజీవులను 1987లో కేంద్రక కణాల అట్టడుగున పెట్టింది ఇదే. తరువాత అవి శిలీంధ్రాల బంధువులని తేలింది, మైటోకాండ్రియా అవశేషాలు కూడా దొరికాయి. స్థానం స్థానానికి మార్పు తీరు వేరని ఒప్పుకునే సీ60 లాంటి మిశ్రమ నమూనాతో ఒకసారి, మామూలు నమూనాతో ఒకసారి నడపండి. వేగంగా మారే స్థానాలు తీసేసి మూడోసారి నడపండి. ఈ మూడింటిలోనూ కదలని కొమ్మ గురించే ఇక్కడ వాదించండి.